"తోటివాళ్ళతో ఎప్పుడైనా గొడవ పడ్డారా?": ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకునే పద్ధతి

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (నాణ్యత పరీక్షలు చేసే) కెమిస్టు పోస్టయినా, రుషికొండ ఐటీ కంపెనీలో టీమ్ లీడరయినా, బీచ్ రోడ్డు హోటల్లో ఫ్రంట్ ఆఫీసయినా, సబ్జెక్టు ప్రశ్నలు అయిపోయాక ప్యానెల్లో ఒకరు కుర్చీ వెనక్కి జరుపుకుని అడుగుతారు: "తోటి ఉద్యోగితో మీకు తేడా వచ్చిన సందర్భం ఒకటి చెప్పండి." అప్పటిదాకా గడగడా చెప్పిన మనిషి ఇక్కడ ఆగిపోతాడు. చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే: "నాకెప్పుడూ ఎవరితోనూ గొడవల్లేవు సార్, అందరితో కలిసిపోతాను."

ఈ జవాబుకి మార్కులు పడవు. మూడు షిఫ్టులు నడిచే చోట, టార్గెట్లున్న చోట ఎవరితోనూ మాట తేడా రాలేదంటే ప్యానెల్‌కి రెండే అనుమానాలొస్తాయి. దాస్తున్నారని ఒకటి, ఇంతవరకూ మీ మీద ఏ బాధ్యతా పడలేదని రెండోది.

ఇంకో పొరపాటు దీనికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ గొడవలో తనదే న్యాయమని రుజువు చేయడానికి అభ్యర్థి పూనుకుంటాడు. ప్యానెల్ అక్కడ పంచాయతీ తీర్చడానికి కూర్చోలేదు. ఎవరిది తప్పో వాళ్ళకి అక్కర్లేదు. తేడా వచ్చిన తర్వాత మీరు చేసిన మొదటి పనేమిటి, ఆ మనిషితో మీరన్న మొదటి మాటేమిటి, ఏ ఆధారంతో మాట్లాడారు, చివరికి పని ముందుకు కదిలిందా అన్నవే వాళ్ళు వినాలనుకుంటారు. ఇంటర్వ్యూకి వారం ముందు ఈ నాలుగింటి మీద కూర్చుంటే చాలు.

ప్రశ్న ఏ రూపాల్లో వస్తుంది

"గొడవ" అన్న మాట వాడకుండానే చాలాసార్లు ఇదే అడుగుతారు. "మీ బాస్ నిర్ణయం నచ్చనప్పుడు ఏం చేశారు?", "కోపంగా ఉన్న కస్టమర్‌ని ఎలా చూసుకున్నారు?", "మీ కింద ఇద్దరికి పడకపోతే ఏం చేస్తారు?", "మీతో పనిచేయడం కష్టమని ఎవరైనా అన్నారా?" ఇలా. "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అన్నది కూడా సగం ఇదే ప్రశ్న. దానికి "అక్కడ పాలిటిక్స్ ఎక్కువ సార్" అన్నారంటే, వాళ్ళడక్కుండానే మీరు గొడవ తలుపు తెరిచినట్టే. తర్వాత పది నిమిషాలూ అదే నడుస్తుంది.

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టులకీ, గ్రూప్ బి నాన్ గెజిటెడ్ పోస్టులకీ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూ తీసేశారు. బ్యాంకు క్లర్కులకీ లేదు. వాటికే చదువుతున్నవాళ్ళు ఈ తయారీకి టైము పెట్టక్కర్లేదు. బ్యాంకు పీవోలు (ప్రొబేషనరీ ఆఫీసర్లు), ప్రభుత్వ రంగ సంస్థల్లో ఎగ్జిక్యూటివ్ పోస్టులు, ప్రైవేటు ఉద్యోగాలన్నిటికీ మాత్రం తయారవ్వాల్సిందే.

మొదటి మెట్టు: సంఘటనలు ఏరుకోవడం

ఒక నోటు పుస్తకం, ఒక సాయంత్రం కేటాయించండి. గడిచిన రెండు మూడేళ్ళ పనిలోంచి ఆరేడు సంఘటనలు రాయాలి. "నేనెప్పుడు గొడవ పడ్డాను?" అని తలుచుకుంటే ఏమీ గుర్తుకురాదు. గొడవలు పుట్టే చోట్లు తలుచుకోండి.

షిఫ్టు మారే అరగంట. ఒకే మెషీను, ఒకే సిస్టమ్, ఒకే ఫోర్క్‌లిఫ్టు ఇద్దరికీ కావలసొచ్చినప్పుడు. ఒక డిపార్ట్‌మెంటు ఆలస్యం ఇంకో డిపార్ట్‌మెంటు నెత్తిన పడినప్పుడు. ఎవరు చేయాలో ఎక్కడా రాసిలేని పని. సెలవుల రోస్టర్. ఇది మన దగ్గర ప్రత్యేకం: విశాఖలో పనిచేసే వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు చాలామంది ఉంటారు, సంక్రాంతికి అందరికీ ఊరెళ్ళాలనే ఉంటుంది, లైను మాత్రం ఆగకూడదు. టీమ్ లీడర్‌గా చేసినవాళ్ళకి ఈ ఒక్క రోస్టర్‌లోనే మంచి జవాబు దొరుకుతుంది.

మీ రంగాన్ని బట్టి కూడా వెతకండి. పోర్టు దగ్గర సీహెచ్ఏ (కస్టమ్స్ పనులు చూసే ఏజెంటు) ఆఫీసులో అయితే సరుకు విడిపించే డెలివరీ ఆర్డర్ ఆలస్యమై డెమరేజ్ (ఆలస్యపు రుసుము) పడిన రోజు గుర్తుచేసుకోండి. డాక్యుమెంట్లు చూసేవాళ్ళు ఫీల్డ్ వాళ్ళని అంటారు, ఫీల్డ్ వాళ్ళు వీళ్ళని అంటారు. హోటల్లో రెండు గంటలకి చెకిన్ అవ్వాల్సిన గది ఇంకా శుభ్రం కాలేదని హౌస్‌కీపింగ్‌తో మాట తేడా వచ్చుంటుంది. నర్సులకి డ్యూటీ అప్పగింత దగ్గర, షిప్‌యార్డు కాంట్రాక్టుల్లో వెల్డింగ్ అయిపోయాక ఇన్‌స్పెక్షన్ వాళ్ళు మళ్ళీ చేయమన్నప్పుడు. ఇలాంటివి కనీసం ఆరు కాగితం మీద పడాలి. అందులోంచి నాలుగు ఉంచుకుంటాం: సాటివాళ్ళతో రెండు, పైవాళ్ళతో ఒకటి, కస్టమర్‌తోనో ఇంకో డిపార్ట్‌మెంటుతోనో ఒకటి.

రెండో మెట్టు: పనికిరానివి కొట్టేయడం

అప్పులు, ప్రేమలు, క్యారేజీలు, బైకులు. ఇవి పని గొడవలు కావు, కొట్టేయండి. కులం, మతం, పార్టీ, యూనియన్ ఎన్నికలు ఉన్నవి ఎంత బాగా తీర్చినా చెప్పకండి, ఎదురుగా కూర్చున్న ముగ్గురి మనసుల్లో ఏముందో మీకు తెలియదు. ఏసీ ఎంతలో పెట్టాలన్న తగువులాంటి మరీ చిన్నవీ వద్దు.

ఇంకా మంట ఆరనివి కూడా తీసేయాలి. తెలుసుకోవడం తేలిక. ఆ సంగతి ఇంట్లో ఎవరికైనా పైకి చెప్పి చూడండి. గొంతు పెరుగుతున్నా, "వాడు" అన్న మాట వస్తున్నా అది ఇంటర్వ్యూకి తయారుగా లేదు.

ఎదుటి మనిషి పూర్తిగా దుర్మార్గుడైన సంఘటన కూడా పనికిరాదని చెప్తే చాలామందికి ఆశ్చర్యం. దొంగ బిల్లులు పెట్టినవాణ్ణి పట్టించారనుకోండి, అది నిజాయతీకి ఉదాహరణ అవుతుంది కానీ మనుషులతో నెగ్గుకురావడానికి కాదు. మంచి సంఘటనలో ఎదుటివాళ్ళకీ ఓ కారణం ఉంటుంది. వాళ్ళ టార్గెట్ వాళ్ళది, మీ నిబంధన మీది. రెండూ సబబే, రెండూ ఒకేసారి నెరవేరవు. అలాంటిది దొరికితే దాన్నే మొదట పెట్టుకోండి.

స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు కింద చేసి బయట కంపెనీలకి వెళ్తున్నవాళ్ళకి ఇంకో మాట. 2021 జనవరిలో ప్రైవేటీకరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచీ ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం పేరు చెప్తే దీక్షలూ ధర్నాలే గుర్తొస్తాయి. "మీ దగ్గర గొడవలెక్కువ కదా?" అని ప్యానెల్ గిల్లవచ్చు. సమర్థించడం, తిట్టడం రెండూ చిక్కే. "అది సంస్థ స్థాయి విషయం సార్. నా సెక్షన్లో షిఫ్టు పని ఎలా నడిపామో చెప్పగలను" అని మీ సంఘటనలోకి వచ్చేయండి.

మూడో మెట్టు: జవాబు కొలతలు

హెచ్‌ఆర్ వాళ్ళు "స్టార్" అని పిలిచే పద్ధతి ఒకటుంది: పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం. పద్ధతి మంచిదే, కొలతల దగ్గరే తేడా వస్తుంది. మనవాళ్ళు నేపథ్యం చెప్పడానికే నిమిషంన్నర తీసుకుంటారు. కంపెనీ చరిత్ర, డిపార్ట్‌మెంటులో ఎంతమంది, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు. అసలు విషయం వచ్చేసరికి ప్యానెల్ రెజ్యుమే తిరగేస్తుంటుంది.

మొత్తం జవాబు రెండు నిమిషాలు దాటకూడదు. పరిస్థితికీ బాధ్యతకీ కలిపి 30 సెకన్లు. మీరు చేసినదానికి నిమిషం, కాస్త అటూ ఇటూగా. ఫలితానికి 20, 25 సెకన్లు. ఎదుటి మనిషి పేరు చెప్పకండి, "మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు", "అకౌంట్స్‌లో మేడమ్" అంటే చాలు. వైజాగ్‌లో ఒకే రంగంలో పనిచేసేవాళ్ళకి ఒకరికొకరు తెలిసే ఉంటారు. పేరు చెప్పగానే ప్యానెల్లో ఒకరు "ఆయన నాకు తెలుసు" అంటే ఆ తర్వాత మీరు చెప్పేదంతా వేరే చూపుతో వింటారు.

ఇదిగో ఒక నమూనా జవాబు, ఫార్మా కంపెనీ క్యూసీ ల్యాబులో పనిచేసిన అతనిది. మనిషీ అంకెలూ అన్నీ నమూనాకే.

"తయారీ మధ్యలో తీసే ఇన్‌ప్రాసెస్ శాంపిల్స్ చూసేవాణ్ణి సార్. రాత్రి షిఫ్టులో ప్రొడక్షన్ నుంచి వచ్చే శాంపిల్ స్లిప్పుల మీద ఒక్కోసారి బ్యాచ్ నంబరో, శాంపిల్ తీసిన టైమో ఉండేది కాదు. నేను వెనక్కి పంపేవాణ్ణి, అక్కడ బ్యాచ్ ఆగేది. ఒక రాత్రి ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ గారు ల్యాబుకొచ్చి, 'మీ వల్లే లేటవుతోంది' అని అందరి ముందూ అన్నారు. అప్పుడు వాదించలేదు. 'సార్, స్లిప్పు పూర్తిచేసి ఇప్పించండి, వెంటనే పెడతాను. మిగతాది పొద్దున్న షిఫ్టు దిగేముందు మాట్లాడుకుందాం' అన్నాను. తెల్లవారాక శాంపిల్ రిజిస్టర్లో రెండు వారాలవి చూశాను. వెనక్కి వెళ్ళినవి 11. అందులో 8 రాత్రి 10కీ 11కీ మధ్యవి. అంటే షిఫ్టు మారే టైము. రిజిస్టర్ ఆయన దగ్గరకే తీసుకెళ్ళాను. చూసి ఆయనే అన్నారు, స్లిప్పు రాసేది దిగిపోయే హెల్పర్, తెచ్చేది ఎక్కే హెల్పర్, అక్కడే జారిపోతోందని. నా వైపు లోపం కూడా కనిపించింది. వెనక్కి పంపినప్పుడు ఎందుకో ఫోన్ చేసి చెప్పేవాణ్ణి కాదు. రెండు అనుకున్నాం: తొమ్మిదిన్నరకల్లా ఆ రాత్రి రాబోయే శాంపిల్స్ లిస్టు వాళ్ళు పంపాలి, స్లిప్పులో తేడా ఉంటే వెంటనే నేను ఫోన్ చేయాలి. ఇద్దరి మేనేజర్లకీ చెప్పి మొదలుపెట్టాం. తర్వాతి నెలలో వెనక్కి వెళ్ళినవి రెండే. ఆయనా నేనూ తర్వాత ఏడాది అదే షిఫ్టులో చేశాం."

దీన్నే మామూలుగా ఎలా చెప్తారో చూడండి: "ప్రొడక్షన్ వాళ్ళతో కమ్యూనికేషన్ గ్యాప్ ఉండేది సార్. కూర్చుని మాట్లాడుకున్నాం. ప్రాబ్లమ్ సాల్వ్ అయింది." అబద్ధమేమీ లేదు. కానీ ఈ మూడు ముక్కలూ ఏ ఆఫీసులో ఏ గొడవకైనా అతుకుతాయి. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారు, ఏం పట్టుకెళ్ళారు, ఏమన్నారు, ఏం మారింది, ఒక్కటీ లేదు.

నమూనాలో పనిచేసిన చోట్లు గమనించండి. అరిచిన మనిషికి అక్కడికక్కడే జవాబు చెప్పకుండా పని మాట మాత్రం అన్నాడు, మాట్లాడే టైము తనే చెప్పాడు. ఈ ఒక్క వాక్యంలో ప్యానెల్‌కి మనిషి నిదానం తెలుస్తుంది. "నేను చాలా కూల్ సార్" అని వేరే చెప్పుకోవక్కర్లేదు. మేనేజర్ దగ్గరికి ముందు పరిగెత్తలేదు. చాడీ మోసే రకం కాదని తేలిపోయింది. అలాగని మేనేజర్లకి చెప్పకుండా సొంతంగా పద్ధతి మార్చేయలేదు కూడా. కారణం ఎదుటాయన నోటి నుంచే వచ్చింది. తన లోపం ఒకటి ఒప్పుకున్నాడు, అదీ చిన్నది, దిద్దుకోగలిగింది. ముఖ్యమైనది ఇంకొకటి: శాంపిల్ స్లిప్పు సరిగా లేకుండా తీసుకోవడానికి చివరిదాకా ఒప్పుకోలేదు.

అంకెల విషయంలో జాగ్రత్త. మీ దగ్గర నిజంగా ఉన్న అంకె ఉంటేనే చెప్పండి. లేకపోతే "వారంలో నాలుగైదుసార్లు వచ్చే ఫోన్లు ఒకటి రెండుకి తగ్గాయి" అన్నా సరిపోతుంది. "70 శాతం ఇంప్రూవ్ అయింది" అని గాల్లోంచి తీసి చెప్తే "ఎలా లెక్కపెట్టారు?" అన్న ఒక్క ప్రశ్నకి మొత్తం కూలిపోతుంది.

"మేము చేశాం, మేము అనుకున్నాం" అని చెప్పుకుపోవడం వినయంగా ఉంటుంది కానీ ఉద్యోగం ఇచ్చేది మీ ఒక్కరికి. కలిసి చేసింది కలిసే చేశామనండి, మీరు ఒక్కరూ చేసింది "నేను" అనే చెప్పండి.

రాజీ పడకూడని చోట రాజీ పడ్డానని చెప్పడం

మంచి అభ్యర్థులు కూడా చేజేతులా ఉద్యోగం పోగొట్టుకునేది ఇక్కడే. గొడవ ఎంత తొందరగా సర్దుమణిగితే జవాబు అంత బాగున్నట్టు అనుకుని, "ఎందుకులే అని నేనే తగ్గాను సార్" అంటారు. దేని మీద తగ్గారన్నది ముఖ్యం.

ఫార్మాలో "బ్యాచ్ ఆగిపోతోందని, రీడింగ్ తర్వాత రాసుకుందామని సంతకం పెట్టేశాను" అన్నారంటే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. రికార్డులో వెనక తేదీ వేయడం, చేయని పరీక్షకి ఫలితం రాయడం ఆ రంగంలో తప్పుల్లోకెల్లా పెద్ద తప్పులు. రిఫైనరీలోనో, షిప్‌యార్డులోనో, పవర్ ప్లాంటులోనో "ఐదు నిమిషాల వెల్డింగే కదా అని హాట్ వర్క్ పర్మిట్ (నిప్పురవ్వలు వచ్చే పనికి ముందు తీసుకునే అనుమతి) రాకముందే మొదలుపెట్టనిచ్చాను, కాంట్రాక్టర్‌తో గొడవెందుకని" అన్నా అంతే. బీపీవోలో "ఫ్రెండు టార్గెట్ కోసం నా లాగిన్ ఇచ్చాను" అన్నా అంతే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలోని ప్లాంటు నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి బయటికొచ్చి 12 మంది ప్రాణాలు పోయిన ఊరిది. ఇక్కడ ప్లాంటు ఇంటర్వ్యూలో భద్రత విషయంలో సర్దుకుపోయానని చెప్పడం మంచితనంగా వినపడదు.

ఇలాంటి సంఘటన మీ దగ్గర ఉంటే అది బంగారమే, చెప్పే వరుస మాత్రం తెలియాలి. ముందు ఏది కుదరదన్నారో చెప్పండి. ఆ వెంటనే ఎలా అయితే కుదురుతుందో ఏం చూపించారో చెప్పండి. తర్వాత ఎవరికి తెలియజేశారో చెప్పండి. ఉదాహరణకి: "పర్మిట్ లేకుండా కుదరదన్నాను. గ్యాస్ టెస్ట్ చేసే అతను రెండో యూనిట్‌లో ఉన్నాడని తెలుసు, నేనే ఫోన్ చేసి ముందు ఇక్కడికి రమ్మన్నాను. సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పాను. 40 నిమిషాల్లో పర్మిట్ వచ్చింది, పని మొదలైంది." కాదన్న మనిషే దారి కూడా చూపించాడు కాబట్టి ఇది మొండితనం అనిపించదు. వట్టి "రూల్స్ రూల్సే సార్" అంటే మాత్రం మొండితనమే అనిపిస్తుంది.

రాజీకి వీలున్నవి వేరే ఉన్నాయి. ఎవరు ముందు, ఎవరు తర్వాత, ఏ ఫార్మాట్, ఎవరి సెలవు, ఎవరి పేరు మెయిల్లో ముందుండాలి. వీటి దగ్గర మీరు తగ్గానని చెప్తే ప్లస్సే. ఎంబీఏ చదివిన హెచ్‌ఆర్ వాళ్ళకి 1974లో థామస్, కిల్‌మన్ ఇచ్చిన అయిదు తీరుల పట్టిక పాఠంలో వచ్చే ఉంటుంది: పట్టుబట్టడం, ఇద్దరికీ పనికొచ్చే దారి వెతకడం, చెరిసగం రాజీ, తప్పుకోవడం, సర్దుకుపోవడం. ఏ ఒక్కటీ అన్నివేళలా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. మీ నాలుగు సంఘటనల్లో కనీసం రెండు తీరులు కనపడితే, మనిషి సందర్భం చూసి నడుచుకుంటాడని అర్థమవుతుంది. ఆ పేర్లు మాత్రం జవాబులో వల్లించకండి.

పైఅధికారితో తేడా

ఇక్కడ భయంతో "మా సార్ ఏం చెప్తే అదే సార్" అంటారు, లేదా వీరత్వంతో "మొహం మీదే చెప్పేశాను" అంటారు. రెండూ వద్దు. పనికొచ్చే వరుస ఇది: ఒంటరిగా మాట్లాడటం, చూసినదాన్ని చెప్పడం, ప్రత్యామ్నాయం ఒకటి ముందు పెట్టడం, నిర్ణయం ఆయనకే వదలడం, నిర్ణయం అయ్యాక మనస్ఫూర్తిగా చేయడం. మాట కూడా వినిపించండి: "సార్, మీరు చెప్పినట్టే చేస్తాను. చేసేముందు ఒక్క విషయం మీ దృష్టికి తేవాలి."

నర్సు పోస్టుకి వెళ్ళేవాళ్ళకి చక్కగా నప్పే సంఘటన ఫోన్లో వచ్చే ఆర్డర్. రాత్రి డాక్టర్ ఫోన్లో మందు చెప్పారు, డోసు మామూలుకంటే ఎక్కువనిపించింది. "తప్పు చెప్పారని పట్టుకున్నాను" అంటే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది. "రాసుకుని, రోగి పేరు, మందు, డోసు మళ్ళీ చదివి వినిపించాను. కిందటి రోజు చార్టులో ఉన్న డోసు కూడా చెప్పి, మార్చారా సార్ అని అడిగాను. ఆయన సరిచేశారు. రౌండ్స్‌కి వచ్చినప్పుడు సంతకం తీసుకున్నాను" అంటే, గౌరవమూ తగ్గలేదు, రోగికీ ఇబ్బంది రాలేదు.

మీ మాట నెగ్గని సంఘటన అయినా ఫర్వాలేదు. బాస్ వినలేదు, మీరు ఆయన చెప్పినట్టే చేశారు, బాగానే అయింది. ఇది నిజానికి బలమైన జవాబు. ఓడిపోయాక ఎలా ఉంటారో అందులో కనిపిస్తుంది.

"మీ కింద ఇద్దరికి పడకపోతే?"

సూపర్‌వైజర్ పోస్టులకి ఇది ఖాయం అనుకోండి. "ఇద్దర్నీ కూర్చోబెట్టి షేక్‌హ్యాండ్ ఇప్పిస్తాను" అన్నది అందరి జవాబు. మొదటే కలిపి కూర్చోబెడితే ఇద్దరూ గెలవడానికి మాట్లాడతారు. ముందు ఆ రోజు పనికీ, భద్రతకీ ముప్పుందేమో చూడాలి. ఉంటే ఇద్దరినీ కాసేపు వేరే వేరే చోట్ల వేయాలి. తర్వాత విడివిడిగా, ఒకే ప్రశ్నలతో వినాలి. పని పంపకంలో లోపముంటే దాన్ని సరిచేయాలి, ఎందుకంటే మనుషుల గొడవలా కనిపించేది చాలాసార్లు పంపకంలోనే ఉంటుంది. అప్పుడు కలిపి కూర్చోబెట్టి, ఎవరు ఏం చేస్తామన్నారో రెండు లైన్లు రాసుకోవాలి. వారం తర్వాత మళ్ళీ చూడాలి. ఆ చివరి మాట చాలామంది మర్చిపోతారు.

ఇదే ప్రశ్నలో ఒక మెలిక పెడతారు: "మీ టీమ్‌లో అమ్మాయి, తోటి ఉద్యోగి అసభ్యంగా ప్రవర్తిస్తున్నాడని చెప్పింది. ఏం చేస్తారు?" ఇక్కడ "ఇద్దరితో మాట్లాడి సర్దుబాటు చేస్తాను" అంటే జవాబు తప్పు. ఇది పని తగాదా కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న చోట ఇంటర్నల్ కమిటీ ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, సంఘటన జరిగిన మూడు నెలల్లోపు కమిటీకి ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువివ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి. రాజీ అన్నది ఆమె కోరితేనే, అదీ డబ్బు ఆధారంగా కుదరదు. మీ జవాబు ఇలా ఉండాలి: ఆమె చెప్పింది వింటాను, ఎవరికీ చెప్పను, కమిటీ దగ్గరికి వెళ్ళే దారి చెప్పి రాయడానికి సాయం కావాలంటే చేస్తాను, నేనుగా విచారణ మొదలుపెట్టను.

ఇప్పుడే చదువు పూర్తిచేసినవాళ్ళు

"నలుగురం ప్రాజెక్టు చేశాం, ఒకతను పనిచేయలేదు, అతని భాగం కూడా నేనే చేశాను." క్యాంపస్ ఇంటర్వ్యూ రోజున ప్యానెల్ ఇది మధ్యాహ్నం లోపే ఎన్నోసార్లు వినేసి ఉంటుంది. పైగా దీన్లో మీరు గొడవ తీర్చలేదు, తప్పించుకున్నారు. అతను ఎందుకు రావట్లేదో అడిగారా? కోడింగ్ రాక సిగ్గుపడుతున్నాడని తెలిసి టెస్టింగో, రిపోర్టో అతనికి ఇచ్చారా? అలా ఉంటే చెప్పండి. అంతకంటే మంచిది చదువుకుంటూ చేసిన చిన్న పని: మెడికల్ షాపు, ట్యూషన్లు, డెలివరీ, పెళ్ళి క్యాటరింగ్. నిజమైన కస్టమర్ నిజంగా అరిచిన సంగతి ఫెస్టులో స్టేజీ గొడవకంటే పది రెట్లు బరువైనది. ఆ పనులు రెజ్యుమేలో రాయడానికి మొహమాటపడతారు మన పిల్లలు, అదేమిటో.

వెనకాలే వచ్చే ప్రశ్నలు

జవాబు కంఠతా పట్టారా, నిజంగా జరిగిందా అన్నది ఇక్కడే బయటపడుతుంది. ప్రతి సంఘటనకీ వీటికి సమాధానం ముందే ఆలోచించి పెట్టుకోండి.

"ఇప్పుడు ఆయనకి ఫోన్ చేస్తే మీ గురించి ఏమంటారు?" మంచే అంటారని తేల్చేయకుండా, "స్లిప్పుల విషయంలో పట్టు ఎక్కువ అనొచ్చు, కానీ ఫోన్ చేస్తే పలుకుతాడనీ అంటారు" లాంటిది నమ్మేలా ఉంటుంది.

"ఆయన వినకపోయి ఉంటే?" ఎవరి దగ్గరికి, ఎప్పుడు వెళ్ళేవారో చెప్పాలి. మొదట ఆయనతో, తర్వాత, ఆయనకి చెప్పిన మీదటే, మీ మేనేజర్‌తో. ఆయనకి తెలియకుండా కాదు.

"మళ్ళీ అదే జరిగితే ఏం మారుస్తారు?" ఏమీ మార్చనంటే గర్వంగా ఉంటుంది. ఒక చిన్న మార్పు చాలు, రిజిస్టర్ రెండు వారాల ముందే చూసేవాణ్ణి లాంటిది.

కొందరు కావాలనే రెచ్చగొడతారు: "అంటే అక్కడ మీ మాట ఎవరూ వినేవారు కాదన్నమాట." ఆ మాటకి మీరు ఎలా ఉంటారో కూడా జవాబులో భాగమే. రెండు సెకన్లు ఆగి, "మొదట్లో వినలేదు సార్, రిజిస్టర్ చూశాక విన్నారు" అని మామూలు గొంతుతో అనండి.

అలవాటు చేసుకోవడం, భాష

వాక్యాలు బట్టీ పట్టకండి. ఒక్కో సంఘటనకి అయిదు గుర్తు మాటలు రాసుకోండి: స్లిప్పు, అరుపు, రిజిస్టర్, తొమ్మిదిన్నర, రెండే. వాటిని చూస్తూ ఫోన్లో రికార్డు చేసి వినండి. మొదటిసారి నాలుగు నిమిషాలు వస్తుంది, కంగారు పడకండి. నేపథ్యంలోంచే కోయండి. గాజువాకలో ఉండేవాళ్ళకి మధురవాడలో ఇంటర్వ్యూ అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మీ గొంతే మీరు వినొచ్చు.

సంఘటన ముందు తెలుగులో తేల్చుకుని, తర్వాత ఇంగ్లిషులో చిన్న చిన్న వాక్యాలుగా చెప్పుకోండి. నేరుగా ఇంగ్లిషులో తయారైతే మళ్ళీ ఆ "కమ్యూనికేషన్ గ్యాప్" దగ్గరికే వెళ్తారు, నోటికి వచ్చే మాటలు అవే కాబట్టి. ప్లాంటు ఇంటర్వ్యూల్లో ఎదుటివాళ్ళు తెలుగువాళ్ళయితే "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని అడగడంలో తప్పులేదు. ఇంగ్లిషులో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగానికి మాత్రం అడగకండి, అక్కడ పరీక్షిస్తున్నదే అది.

మొదటి రౌండు అయి బయటికి రాగానే, టీ తాగేలోపే, ఏ సంఘటన చెప్పారో, ఏ అంకెలు చెప్పారో, వెనకాల ఏం అడిగారో కాగితం మీద రాసుకోండి. మొదటి ప్యానెల్ రాసుకున్న నోట్సు రెండో ప్యానెల్ ముందు ఉండొచ్చు, అదే సంగతి మళ్ళీ అడగొచ్చు. ఒకచోట రెండు వారాల రిజిస్టర్ అన్నది ఇంకోచోట నెల రోజులదైతే, జరిగింది నిజమే అయినా కల్పించినట్టు కనిపిస్తుంది. అడిగితే అదే సంఘటన అవే అంకెలతో చెప్పండి. వేరేది అడిగితే, నోటు పుస్తకంలో ఇంకా మూడున్నాయి.